వినికిడి విందులో ఒక తల్లి

నిరుపేదల వినికిడి చికిత్సకు విరాళాలు సేకరించే విందుకు ఇటీవల హైదరాబాదు వెళ్ళాను. చెవుల కోసం జరిగే సభలో వాద్యఘోష చెవులు మూసుకొనేంత!

పక్కన కూర్చున్న ఒక తల్లి, శ్రవణయంత్రం ధరించిన బిడ్డ తల నిమురుతూ, "వైద్యులుగారూ, పిలిస్తే పలకడం లేదని రెండేళ్ళు చెవుల్లో వెల్లుల్లి నూనె పోశాము. అందువల్లనే చెడిందా?" అని అడిగింది.

పుట్టుచెవుడు నూనె వల్ల రాదు, నూనెతో పోదు. పసివారి బాధిర్యం అసాధ్యమని గురుకులంలో మా గురువుగారు చెప్పేవారు. పోయినది కాలమే. ఆ మాట ఆమెతో అనలేకపోయాను. కర్ణపూరణం ఎందరికో చెప్పినవాణ్ణి నేను.

పాఠకులు గమనించగలరు: చీము కారే చెవిలో, కర్ణభేరికి రంధ్రం పడిన చెవిలో ఏ తైలమూ వేయరాదు. శిశువుకు నెల నిండేలోగా శ్రవణ పరీక్ష, 3 నెలల్లోగా రోగనిర్ధారణ, 6 నెలల్లోగా చికిత్స జరగాలి. మాట నేర్చే మెదడుకు ఆ తొలి శబ్దాలే ఆధారం.

నా వద్దకు వచ్చే పసివారిని ఇప్పుడు ముందుగా ఆ పరీక్షకే పంపుతున్నాను.