నిదానం వేరు, ఆలస్యం వేరు



మీరు బడికి వెళ్లే దారిలో దీపస్తంభాలకు కట్టి ఉన్న కాగితాలను ఎప్పుడైనా చదివారా? వానకు తడవకుండా వాటిని ప్లాస్టిక్ కవరులో పెట్టి కడతారు. "ఫలానా ఇంటివారు తమ ఇంటి వెనుక ఒక గది కట్టుకోదలచారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే 21 రోజులలోగా కౌన్సిల్‌కు తెలపండి" అన్న సంగతి వాటిలో ఉంటుంది. అభ్యంతరాలు విని, అర్జీ అందిన నాటి నుంచి మామూలుగా 8 వారాలలో కౌన్సిల్ ఔననో కాదనో తేల్చాలి.

ఒక్క గదికే ఇంత పని ఉన్నప్పుడు, విమానాశ్రయం కట్టాలంటే ఎంత పని ఉంటుంది? నది అడుగున సొరంగం తవ్వాలంటే ఎందరిని అడగాలి? మన తెలుగులో రెండు సామెతలు ఉన్నాయి. ఒకటి "నిదానమే ప్రధానం". రెండవది "ఆలస్యం అమృతం విషం". ఒకటి ఆగమంటుంది, ఒకటి త్వరపడమంటుంది. రెండూ నిజమే. అయితే ఎక్కడ ఆగాలి, ఎక్కడ త్వరపడాలి? మనం నివసించే బ్రిటన్ దేశం ఈ ప్రశ్నకు ఎన్నో ఏళ్లుగా జవాబు వెతుకుతున్నది. ఆ కథను ఈ పాఠంలో తెలుసుకుందాం.

అనుమతి ఎందుకు?

"నా స్థలంలో నేను కట్టుకుంటాను, ఎవరినో ఎందుకు అడగాలి?" అని మీకు అనిపించవచ్చు. సరే, మీ పక్క స్థలం వారు కూడా అలాగే అనుకొని, మీ కిటికీ పక్కనే పొగగొట్టం ఉన్న ఫ్యాక్టరీ కట్టారనుకోండి. అప్పుడు మీరేమంటారు?

1920, 1930 దశకాలలో ఈ దేశంలో పట్టణాలు అడ్డూ ఆపూ లేకుండా పెరిగాయి. రోడ్ల వెంట వరుసగా ఇళ్లు లేచి, పంటపొలాలను మింగివేశాయి. అందుచేత 1947లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. 1948 జూలై 1 నుంచి అది అమలులోకి వచ్చింది. భూమి ఎవరిదైనా సరే, దానిపై కొత్త కట్టడం లేపాలంటే అనుమతి పొందాలని ఆ చట్టం చెప్పింది. ఈనాడు లండను చుట్టూ పచ్చని పొలాలు మిగిలి ఉన్నాయంటే దానికి ఇటువంటి నియమాలు ముఖ్య కారణం. కాబట్టి అనుమతి అడగడం చెడ్డ పని కాదు. బలవంతుడి ఇష్టానికి బలహీనుడు బలి కాకుండా అది కాపాడుతుంది.

అనుమతికి తొమ్మిదేళ్లు, కట్టడానికి ఆరేళ్లు

మీ తాతయ్య, అమ్మమ్మ హైదరాబాదు నుంచి బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానంలో వస్తే, సాధారణంగా హీత్రో విమానాశ్రయంలోని 5వ టెర్మినల్‌లో దిగుతారు. ఆ పెద్ద భవనం వెనుక ఒక పెద్ద కథ ఉంది.

దానిని కట్టడానికి 1993 ఫిబ్రవరిలో అర్జీ పెట్టారు. చుట్టుపక్కల ఊళ్లవారు శబ్దం, రద్దీ పెరుగుతాయని భయపడ్డారు. 1995 మే నెలలో బహిరంగ విచారణ మొదలైంది. అది 1999 మార్చి వరకు సాగింది. మొత్తం 524 రోజులు కూర్చొని వాదనలు విన్నారు. 700 మందికి పైగా సాక్షులు మాట్లాడారు. చివరకు 2001 నవంబరులో అనుమతి వచ్చింది. 2002లో పని మొదలుపెట్టి, 2008 మార్చి 27న, ముందు అనుకున్న సమయానికే టెర్మినల్ తెరిచారు.

లెక్క వేయండి. అనుమతి రావడానికి సుమారు తొమ్మిదేళ్లు పట్టింది. కట్టడానికి ఆరేళ్లు కూడా పట్టలేదు.

అయితే ఆ విచారణ అంతా వృథా అనుకోకండి. దానివల్ల ఊళ్లవారికి ఒక మేలు జరిగింది. హీత్రోలో ఏడాదికి 4,80,000 విమానాల రాకపోకలకు మించకూడదని ప్రభుత్వం షరతు పెట్టింది. జనం నోరు విప్పి అడిగారు కనుకనే ఆ షరతు వచ్చింది. మరి అదే మాట వినడానికి అన్నేళ్లు కావాలా? అదీ అసలు ప్రశ్న.

ఆలస్యానికి ఖరీదు

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఇల్లు కట్టేవారు పని మధ్యలో ఆగిపోతే ఏమవుతుంది? అప్పు తెచ్చిన సొమ్ముకు వడ్డీ పెరుగుతుంది. సిమెంటు, ఇనుము ధరలు పెరుగుతాయి. తాపీమేస్త్రి మరొక పనికి వెళ్లిపోతాడు. దేశం కట్టే పెద్ద పనులకూ ఇంతే. ఇంజనీర్లకు, న్యాయవాదులకు ఏళ్ల తరబడి జీతాలు ఇవ్వాలి. ఒక్క ఇటుక కూడా పడకముందే కోట్లు ఖర్చవుతాయి. ఆ సొమ్ము పన్నుల రూపంలోనో, టిక్కెట్ల రూపంలోనో, కరెంటు బిల్లు రూపంలోనో మన ఇళ్ల నుంచే పోతుంది.

ఇంకొక నష్టం కంటికి కనిపించదు. కట్టని రోడ్డు మీద ఎవరూ ప్రయాణం చేయరు. అది లేనందువల్ల ఎందరు రోజూ వాహనాల బారులో చిక్కుకున్నారో ఎవరూ దీపస్తంభానికి కాగితం కట్టి చెప్పరు. అభ్యంతరం ఉన్నవారి గొంతు వినిపిస్తుంది. ఎదురుచూసేవారి గొంతు వినిపించదు.

2008 చట్టం

5వ టెర్మినల్ అనుభవం చూశాక, పార్లమెంటు 2008లో కొత్త చట్టం చేసింది. దానిలో మూడు మంచి ఆలోచనలు ఉన్నాయి.

మొదటిది: దేశానికి ఏమి కావాలో ముందే తేల్చుకోవడం. హీత్రో విచారణలో "అసలు ఈ టెర్మినల్ అవసరమా?" అన్న వాదనకే ఎన్నో రోజులు పోయాయి. ఇకమీదట అటువంటి అవసరాలను ప్రభుత్వం జాతీయ విధాన పత్రాలలో ముందుగా ప్రకటించాలి. తరువాతి విచారణలో, ఫలానా చోట కట్టవచ్చునా, హానిని ఎలా తగ్గించాలి అన్నవే ప్రధానంగా చూడాలి.

రెండవది: ఒకే అర్జీ. 5వ టెర్మినల్‌కు వేరు వేరు చట్టాల కింద 30కి పైగా అర్జీలు పెట్టవలసి వచ్చింది. వాటి బదులు పెద్ద పనులకు ముఖ్యమైన అనుమతులన్నీ ఒకే అర్జీతో పొందవచ్చు.

మూడవది: గడువు. విచారణకు 6 నెలలు, నివేదికకు 3 నెలలు, మంత్రి నిర్ణయానికి 3 నెలలు.

మొదట ఈ పద్ధతి బాగానే నడిచింది. కాని మెల్లగా మళ్లీ నత్తనడక మొదలైంది. 2012లో ఒక పెద్ద పనికి అనుమతి రావడానికి సగటున 2.6 ఏళ్లు పట్టేది. 2021 నాటికి అది 4.2 ఏళ్లయింది. ఈ లెక్క జాతీయ మౌలిక వసతుల సంఘం 2023లో ఇచ్చినది. చట్టంలో గడువు ఉన్నా ఇలా ఎందుకు జరిగింది?

కాగితాల కొండ

లండనుకు తూర్పున డార్ట్‌ఫర్డ్ దగ్గర థేమ్స్ నదిని దాటే మార్గం ఉంది. రోజుకు 1,35,000 వాహనాల కోసం దానిని రూపొందించారు. కాని సగటున 1,50,000కు పైగా వాహనాలు వస్తాయి. కాబట్టి కెంట్, ఎసెక్స్ జిల్లాల మధ్య కొత్త సొరంగంతో 23 కిలోమీటర్ల రోడ్డు వేయాలనుకున్నారు. 2017లో మార్గాన్ని ఎంచుకున్నారు. అనుమతి 2025 మార్చిలో వచ్చింది.

ఆ అర్జీలోని కాగితాలు ఎన్నో తెలుసా? 3,59,000 పేజీలకు పైగా! వాటిని ఒకదాని వెనుక ఒకటి పరిస్తే 100 కిలోమీటర్లు దాటుతాయి. వేయబోయే రోడ్డు పొడవు 23 కిలోమీటర్లే. ఈ ప్రణాళికకు, అనుమతికి అయిన ఖర్చు 25 కోట్ల పౌండ్లకు పైమాటే.

ఇన్ని కాగితాలు ఎవరు చదువుతారు? నిజానికి ఎక్కువ భాగం చదివించడానికి రాసినవి కావు, భయంతో రాసినవి. ఒక్క విషయం వదిలేసినా ఎవరైనా కోర్టుకు వెళ్లవచ్చు. కోర్టు అనుమతిని కొట్టివేస్తే పని మళ్లీ మొదటికి వస్తుంది. అందుకని ప్రతివారూ "ఎందుకైనా మంచిది" అని మరికొన్ని పేజీలు చేరుస్తారు. ఇటీవలి ఏళ్లలో పెద్ద పనుల అనుమతులలో సగానికి పైగా కోర్టు మెట్లెక్కాయి. అంతేకాదు, ఐదేళ్లకో పదేళ్లకో సవరించవలసిన విధాన పత్రాలు పాతబడిపోయాయి. విద్యుత్తు మొదలైన వాటికి 2011లో రాసిన పత్రాల స్థానంలో కొత్తవి 2024లో గాని అమలులోకి రాలేదు. విధానం పాతబడితే పాత వాదనలన్నీ మళ్లీ తలెత్తుతాయి.

గబ్బిలాల కప్పు

లండను నుంచి బర్మింగ్‌హామ్‌కు వేగంగా వెళ్లే కొత్త రైలు మార్గానికి పార్లమెంటు 2017లోనే చట్టం చేసింది. అయినా ఇతర ప్రభుత్వ సంస్థల నుంచి 8,276 అనుమతులు తెచ్చుకోవలసి వచ్చిందని ఆ రైలు సంస్థ అధ్యక్షుడు 2024లో చెప్పాడు.

ఆ మార్గం బకింగ్‌హామ్‌షైర్‌లో షీప్‌హౌస్ అడవి పక్కగా పోతుంది. అక్కడ బెక్‌స్టైన్ గబ్బిలాలు ఉన్నాయి. అవి బ్రిటన్‌లో చాలా అరుదు. రైళ్లు వాటిని కొట్టకుండా పట్టాల మీద సుమారు ఒక కిలోమీటరు పొడవున కప్పు కడుతున్నారు. దానికి ఖర్చు 10 కోట్ల పౌండ్లకు పైన. ఈ కప్పునే కట్టమని తాము ఆదేశించలేదని ప్రకృతి సంరక్షణ సంస్థ అన్నది. చట్టాన్ని పాటించాలంటే ఇదే దారి అని రైలు సంస్థ అన్నది. చూశారా! అడిగేవారు చాలామంది ఉన్నారు. మొత్తం ఖర్చుకు బాధ్యత మాత్రం ఏ ఒక్కరిదీ కాదు.

గబ్బిలాలను కాపాడవద్దని ఎవరూ అనకూడదు. వాటికి ఓటు లేదు, నోరు లేదు. అయితే ఆ సొమ్ములో కొంత భాగంతోనే ఇంకా ఎక్కువ గబ్బిలాలకు, ఇంకా పెద్ద అడవిని పెంచగలమేమో ఆలోచించాలి కదా?

2025 చట్టం

ఈ ఇబ్బందులు తీర్చాలని 2025 డిసెంబరులో మరొక చట్టం వచ్చింది. దానిలోని నియమాలు దశలవారీగా అమలులోకి వస్తాయి. విధాన పత్రాలను కనీసం ఐదేళ్లకు ఒకసారి సరిచూడాలి. ఏ మాత్రం పస లేదని హైకోర్టు తేల్చిన దావాను పై కోర్టుకు తీసుకుపోయే వీలు ఉండదు. కట్టేవారు ప్రకృతి కోసం ఒక నిధికి సొమ్ము చెల్లిస్తే, దానితో పెద్ద ఎత్తున చెరువులు, అడవులు బాగుచేసే ఏర్పాటు ఉంది. అర్జీ పెట్టకముందు ప్రజలను సంప్రదించి తీరాలన్న పాత నియమాన్ని ఈ చట్టం తొలగించింది.

దీనిని మెచ్చుకున్నవారూ ఉన్నారు, కాదన్నవారూ ఉన్నారు. "వందల ఏళ్ల అడవిని నరికి, వేరొక చోట మొక్కలు నాటితే అది సమానమవుతుందా?" అని ప్రకృతి ప్రేమికులు అడుగుతున్నారు. "ముందే మమ్మల్ని అడగకపోతే, మార్చగల సమయంలో మా మాట ఎలా చెప్పుకుంటాం?" అని పల్లెవాసులు అడుగుతున్నారు. ఇవి తోసివేయదగిన ప్రశ్నలు కావు.

మనం నేర్చుకోవలసినది

ఇంతవరకు చదివిన దానిని బట్టి ఒక మాట స్పష్టమవుతుంది. పని త్వరగా జరగాలంటే జనం మాట వినడం మానుకోనక్కరలేదు. మొదటనే వినాలి, శ్రద్ధగా వినాలి, గడువులోగా తేల్చాలి. తేలిన విషయాన్ని మళ్లీ మళ్లీ తిరగదోడకూడదు. ఇల్లు పోయేవారికి తగిన సొమ్మును జాప్యం లేకుండా ఇవ్వాలి. ఏళ్ల తరబడి అనుమానంలో ఉంచడం కూడా వారికి అన్యాయమే. తమ ఇల్లు ఉంటుందో ఊడుతుందో తెలియనివారు దానిని అమ్ముకోలేరు, బాగుచేసుకోలేరు.

నిదానం అంటే ఆలోచించడానికి తీసుకునే సమయం. ఆలస్యం అంటే ఆలోచించడం అయిపోయిన తరువాత కూడా పోయే సమయం. మొదటిది మనల్ని కాపాడుతుంది. రెండవది మనకు రావలసిన దానిని దూరం చేస్తుంది. మీరు పెద్దవారై ఓటు వేసేనాటికి ఈ తేడాను గుర్తించగలిగితే, ఈ పాఠం చదివినందుకు ఫలితం దక్కినట్లే.

కొత్త మాటలు

అభ్యంతరం = కాదనడానికి చెప్పే కారణం
బహిరంగ విచారణ = అందరి ఎదుట వాదనలు వినడం
షరతు = ఒప్పుకుంటూ పెట్టే నియమం
జాప్యం = ఆలస్యం
తిరగదోడు = తేలిన సంగతిని మళ్లీ ఎత్తు

ప్రశ్నలు

1. 1947 చట్టం ఎందుకు అవసరమైంది?
2. 5వ టెర్మినల్ విచారణ వల్ల ఊళ్లవారికి కలిగిన మేలు ఏమిటి?
3. 2008 చట్టంలోని మూడు ఆలోచనలను మీ మాటలలో రాయండి.
4. అర్జీలో లక్షల పేజీలు ఎందుకు చేరాయి?
5. మీ ఊరి గుండా కొత్త రైలు మార్గం వస్తుందనుకోండి. తరగతిలో సగం మంది ఇల్లు పోయేవారి పక్షాన, సగం మంది రైలు కావలసినవారి పక్షాన మాట్లాడండి. పది నిమిషాల గడువులో అందరూ కలిసి ఒక నిర్ణయానికి రండి.