తండా చిరునామాకు నేరం అంటగట్టే యంత్రం

నేరం జరగకముందే నేరస్తుణ్ని పసిగడతామనే సాఫ్ట్‌వేర్లు పోలీసు శాఖల్లోకి వస్తున్నాయి. మహారాష్ట్ర ప్రభుత్వం 2024లో ‘మార్వెల్’ పేరుతో పోలీసుల కృత్రిమ మేధకు ఒక సంస్థనే నెలకొల్పింది. యంత్రానికి కులం తెలియదు, కనుక పక్షపాతం ఉండదన్నది సమర్థకుల వాదన. త్రిపురారం వంటి మండలం నుంచి చూస్తున్న నాకు ఆ వాదన నిలిచేదిగా కనిపించడం లేదు.

యంత్రం భవిష్యత్తును చూడదు. పాత కేసులను, అరెస్టులను, షీట్లను చదివి, అదే వరస రేపూ సాగుతుందని లెక్కగడుతుంది. ఆ రికార్డు నేరాల చరిత్ర కాదు. పోలీసులు ఎవరిని అనుమానించారో, ఏ వాడకు వెళ్లారో చెప్పే చరిత్ర. 1871 నాటి నేరస్త తెగల చట్టం పుట్టుకనే నేరంగా మార్చింది. మద్రాసు రాష్ట్రంలో ఎరుకలపై ఆ ముద్ర వేసి స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో ఉంచారు. 1952లో చట్టం రద్దయింది. అనుమానం రద్దు కాలేదు. అలవాటు నేరస్తుల చట్టాల్లోకి, స్టేషన్ షీట్లలోకి ఇల్లు మార్చుకుంది. 2024 మే 7న అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టే, కేవలం కుల దురభిప్రాయంతో విముక్త జాతుల వారిపై పోలీసు డైరీలు తెరుస్తున్నారన్న ఆరోపణను ప్రస్తావించి, హిస్టరీ షీట్లను ఎప్పటికప్పుడు ఆడిట్ చేసే ఏర్పాటును పరిశీలించాలని రాష్ట్రాలకు సూచించింది.

తెలంగాణలో ఇటువంటి యంత్రానికి కావలసిన ముడిసరుకు సిద్ధంగానే ఉంది. 2018 జనవరి 18న సకల నేరస్తుల సమగ్ర సర్వే పేరుతో పోలీసులు పాత నేరస్తుల ఇళ్లకు వెళ్లి, వివరాలు రాసుకుని, ఇళ్లను జియోట్యాగ్ చేశారు. అదే ఏడాది టీఎస్‌కాప్ యాప్‌లో ముఖ గుర్తింపు చేరింది.

కులం గడిని తీసేస్తే సరిపోదా? జైలు రిజిస్టర్లలో ఆ గడిని తొలగించాలని 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు ఆదేశించింది. అది అవసరమైన తీర్పు. కానీ మన ఊళ్లలో చిరునామాయే కులం చెబుతుంది. తండా, గూడెం, ఎస్సీ కాలనీ అన్న ఒక్క మాట చాలు. ఆ చోటును యంత్రం ఎర్రగా చూపితే గస్తీ అక్కడికే వెళుతుంది. వెతికిన చోటే కేసు దొరుకుతుంది. ఆ కేసు మళ్లీ యంత్రానికి మేతవుతుంది. వడ్డీ వ్యాపారి దౌర్జన్యం, కూలి ఎగవేత, ఫిర్యాదు దాకా రానివ్వని అత్యాచారం ఆ పటంలో కనిపించవు.

షికాగో పోలీసులు వ్యక్తులకు ముప్పు మార్కులు వేసే జాబితాను 2019లో ఆపేశారు. లాస్ ఏంజెలెస్ పోలీసులు ఖర్చు కారణం చెప్పి 2020లో ప్రెడ్‌పోల్‌ను వదిలేశారు. నల్లజాతి, లాటినో వాడలపైనే అది గురిపెడుతోందన్న నిరసన అప్పటికే బలంగా ఉంది. వాళ్లు వదిలించుకున్న దాన్ని మనం ఆధునికత పేరుతో నెత్తికెత్తుకోవాలా?

శాసనసభ చట్టం చేయకుండా ఇటువంటి సాఫ్ట్‌వేర్‌ను వాడకూడదు. వాడేముందు పాత షీట్లను విముక్త జాతుల, దళిత, ఆదివాసీ, ముస్లిం ప్రతినిధులున్న స్వతంత్ర కమిటీ పరిశీలించాలి. తన పేరు జాబితాలో ఎందుకుందో అడిగే హక్కు, తీయించుకునే దారి ప్రతి పౌరుడికీ ఉండాలి. షీటు తెరిచిన ఎస్సైని కోర్టులో ప్రశ్నించవచ్చు. మార్కు వేసిన యంత్రాన్ని ఏ బోనులో నిలబెడతాం?