ఇంటి థియేటర్‌లో మంద్రధ్వని: సబ్‌వూఫర్ ఈక్వలైజేషన్ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
స్టూడియోలో కూర్చిన మంద్రధ్వని ఇంటి గదిలో అదే తీరున వినిపించదు. గది కొన్ని పౌనఃపున్యాలను ఉబ్బిస్తుంది, కొన్నింటిని అణచివేస్తుంది. ఈక్వలైజర్ ఉబ్బును తగ్గించగలదు. లోటును మాత్రం పూరించలేదు. ఈ భేదానికి గల కారణాలను, సవరణక్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: మంద్రధ్వని, సబ్‌వూఫర్, ఈక్వలైజర్, అనునాదం, స్థిర తరంగాలు.

1. ప్రవేశిక:
హైదరాబాద్‌లోని బంజారా హిల్స్, జూబిలీ హిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలు తెలుగు చలనచిత్ర నిర్మాణానికి కేంద్రాలు. 1976లో ప్రారంభమైన అన్నపూర్ణ స్టూడియోస్, ఫిల్మ్‌నగర్‌లోని రామానాయుడు స్టూడియోస్ ఇక్కడివే. ధ్వనిమిశ్రణం జరిపే గదులలో పరావర్తనాన్ని అదుపు చేసే ఏర్పాట్లు ఉంటాయి. అపార్ట్‌మెంట్ హాలులో అటువంటి ఏర్పాట్లు అరుదు. అందువల్ల అక్కడ నేపథ్యసంగీతం గుమ్మని మోగి సంభాషణలను కప్పివేయడం కద్దు. బిగ్గరగా మోగే మంద్రధ్వని తనకంటే పై పౌనఃపున్యాలను చెవికి స్పష్టంగా అందనివ్వదు. కాబట్టి ఇది సంగీతాభిరుచికే పరిమితమైన విషయం కాదు. మాట వినబడటానికి సంబంధించిన విషయం కూడా.

2. గది చేసే మార్పు:
5.1 అమరికలో చివరి '.1' మంద్రధ్వనులకు కేటాయించిన మార్గం. ఇది సుమారు 120 హెర్ట్జ్ వరకు గల ధ్వనులను మోస్తుంది. ధ్వనివేగం సెకనుకు దాదాపు 343 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య దూరం తరంగదైర్ఘ్యంలో సగానికి సమానమైనప్పుడు గదిలో స్థిర తరంగం ఏర్పడుతుంది. ఉదాహరణకు 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల హాలులో తొలి అనునాదాలు వరుసగా 28, 47, 56 హెర్ట్జ్‌ల దగ్గర వస్తాయి. ఈ తొలి అనునాదాలలో పీడనం గోడల దగ్గర అత్యధికం, వాటి నడుమ అత్యల్పం. గోడకు ఆనించిన సోఫాలో మోత ఎక్కువగా, గది నడుమ పలుచగా వినిపించడానికి కారణం ఇదే. ఇటుక, కాంక్రీటు గోడలు, గ్రానైట్ లేదా టైల్స్ నేల మంద్రధ్వనిని అంతగా పీల్చుకోవు గనుక అనునాదం మరింత బలపడుతుంది.

3. ఈక్వలైజర్ పరిధి:
పారామెట్రిక్ ఈక్వలైజర్‌లో మూడు అంశాలను నిర్ణయించాలి: ఏ పౌనఃపున్యం, ఎన్ని డెసిబెల్స్, ఎంత వెడల్పు. 47 హెర్ట్జ్ దగ్గర 8 డెసిబెల్స్ ఉబ్బు ఉంటే అదే చోట, అదే వెడల్పుతో, దాదాపు అంతే తగ్గించాలి. దీనివల్ల స్థాయి తగ్గడమే కాక, ధ్వని ఆగిన తరువాత మిగిలే గుంజాటన కూడా త్వరగా అణగుతుంది.

లోటు విషయం వేరు. నేరుగా వచ్చిన తరంగాన్ని పరావర్తన తరంగం రద్దు చేయడం వల్ల అది ఏర్పడుతుంది. సంకేతాన్ని పెంచితే రెండు తరంగాలూ సమంగా పెరుగుతాయి. రద్దు అలాగే మిగులుతుంది. పైగా 10 డెసిబెల్స్ పెంపునకు యాంప్లిఫయర్ పది రెట్ల శక్తి ఇవ్వాలి. 100 వాట్లు చాలిన చోట 1000 వాట్లు కావాలి. ఈ కారణంగానే మరింత పెద్ద సబ్‌వూఫర్ కొన్నా లోటు తీరదు.

4. సవరణక్రమం:
మొదట స్థానం చూడాలి. సబ్‌వూఫర్‌ను కూర్చునే చోట ఉంచి, మంద్రధ్వని నిలకడగా ఉన్న పాటను వినిపిస్తూ, గోడల వెంబడి నేలకు దగ్గరగా వినాలి. ధ్వని ఎక్కడ సమంగా వినిపిస్తే అక్కడికి సబ్‌వూఫర్‌ను మార్చాలి. రెండు సబ్‌వూఫర్లు ఉంటే వాటిని ఎదురెదురు గోడల మధ్యభాగాలలో అమర్చడం మేలు. ఆ దిశలోని తొలి అనునాదాన్ని అవి పరస్పరం రద్దు చేస్తాయి. హర్మన్ సంస్థకు చెందిన టాడ్ వెల్టీ 2002లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీకి సమర్పించిన పత్రం ఈ అమరికను సమర్థించింది.

తరువాత కొలత. ఉచితంగా లభించే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్, క్రమాంకనం చేసిన మైక్రోఫోన్ ఇందుకు చాలు. ఒకే చోట కాక, కూర్చునే అన్ని స్థానాలలోనూ కొలవాలి. అన్నింటిలో ఉమ్మడిగా కనిపించిన ఉబ్బులను మాత్రమే చివరగా ఈక్వలైజర్‌తో తగ్గించాలి.

5. ముగింపు:
ఈక్వలైజర్ గది లోపాలన్నింటికీ మందు కాదు. స్థానం, కొలత, తగ్గింపు అనే క్రమాన్ని పాటిస్తే, కొత్త పరికరాల ఖర్చు లేకుండానే మంద్రధ్వని అదుపులోకి వస్తుంది. అప్పుడు సంభాషణ తేటపడుతుంది. ధ్వనిమిశ్రణకారుడు ఉద్దేశించిన పాళ్లకు ఇంటి శ్రోత మరింత చేరువవుతాడు.