వెన్న అనే మాట కోసం వ్యాజ్యం: మియోకో షిన్నర్ వృత్తి ప్రస్థానం

పాడి ఉన్న ఇంట వెన్న అంటే ఏమిటని ఎవరూ అడుగరు. పెరుగు చిలికితే పైకి తేలేదే వెన్న. అయితే అమెరికాలో 2020వ సంవత్సరంలో ఒక మహిళ ఈ మాటను వాడుకొనే హక్కు తనకున్నదో లేదో తేల్చవలసిందిగా కోరుతూ ఫెడరల్ న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. ఆమె పేరు మియోకో షిన్నర్. ఆమె సంస్థ అమ్మే వెన్నలో పాలచుక్క ఉండదు. కొబ్బరినూనె, జీడిపప్పు ఉంటాయి. ఉదయం, సాయంత్రం పాలకేంద్రానికి పాలు పోసి ఇల్లు నడుపుకొనే కుటుంబాలు మన సరిహద్దు గ్రామాలలో అనేకం. కనుక ఈ వృత్తాంతాన్ని దూరదేశపు వింతగా తోసివేయక కొంత నిదానంగా చూడవలసి ఉన్నది.

ముందుగా ఒక మాట. మన దేశంలో శాకాహారి అంటే పాలు, పెరుగు, నెయ్యి తినేవారే. ‘వీగన్’ అనేవారు వాటిని కూడా విడిచిపెడతారు. తేనెను సైతం ముట్టరు. 1944లో ఇంగ్లండులో డోనాల్డ్ వాట్సన్, ఆయన సహచరులు ఈ పేరు పెట్టారు. పశువును చంపకపోయినా, దూడకు దక్కవలసిన పాలను మనిషి తీసుకొనడం సమ్మతం కాదన్నది వారి వాదం. ఈ వాదాన్ని ఒప్పుకొనేవారు మన పల్లెలలో అరుదు. ఒప్పుకొనకపోయినా అర్థం చేసుకొనవచ్చును.

మియోకో 1957లో జపానులో జన్మించారు. తల్లి జపాను దేశస్థురాలు, తండ్రి అమెరికను. ఏడేళ్ళ వయసులో ఆమె కుటుంబం కాలిఫోర్నియాకు తరలివెళ్ళింది. పన్నెండవ ఏట మాంసం మానివేశారు. చదువు ముగిశాక తిరిగి జపాను వెళ్ళి కొన్నేళ్ళున్నారు. 1980లలో అక్కడే పాలు, గుడ్లు కూడా విడిచి, అవి లేకుండానే కేకులు కాల్చి అమ్మడం మొదలుపెట్టారు. 1991లో తొలి వంటల పుస్తకం, 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘నౌ అండ్ జెన్’ అనే భోజనశాల. అది 2003లో మూతపడింది. ఆమెకు పేరు తెచ్చిన చీజ్ పుస్తకం 2012లో వెలువడింది. ‘మియోకోస్ కిచెన్’ సంస్థను స్థాపించినది 2014లో, అంటే తన యాభై ఏడవ ఏట. మన లెక్కలో అది ఉద్యోగస్థులు విశ్రాంతికి సిద్ధపడే వయసు.

ఆమె విజయమంతా ఒక చిన్న మెలకువలో ఉన్నది; అది మన ఇల్లాళ్ళకు కొత్తది కాదు. అంతకు ముందు బజారులో దొరికిన పాలులేని చీజ్ ఎక్కువగా నూనె, పిండి కలిపి ముద్దచేసినదే. చూపుకు చీజ్, నోటికి మైనం. షిన్నర్ గ్రహించినదేమంటే, చీజ్ రుచి పాలలో కంటె పులియడంలోనే ఎక్కువగా ఉన్నదని. పాలకు తోడు వేస్తే సూక్ష్మజీవులు పనిచేసి పులుపును, వాసనను, చిక్కదనాన్ని ఎట్లా తెస్తాయో, నానబెట్టి మెత్తగా రుబ్బిన జీడిపప్పుకు తోడు వేసినా అదే విధంగా తెస్తాయి. తన పుస్తకంలో ఆమె చెప్పిన తోడు చాలా సాదాది. గోధుమల వంటి ధాన్యాన్ని మొలకెత్తించి, ఆ మొలకలను కొన్ని దినాలు నీటిలో ఉంచితే నీరు పులుస్తుంది. ఆ పులిసిన నీటిని జీడిపప్పు ముద్దలో కలిపి వెచ్చని చోట ఉంచాలి. అన్నం నీటిని కుండలో పులియబెట్టి తరవాణి చేసిన అవ్వలకు దీనిని ప్రత్యేకంగా బోధించనక్కరలేదు. పులిసిన తరువాత ఉప్పు వేసి, రకాన్ని బట్టి సముద్రపు నాచు నుండి తీసిన పదార్థంతో గట్టిపరచి, కొన్నింటిని వారాల తరబడి మాగబెడతారు.

వెన్న సంగతి ఇంకొక విధం. కొబ్బరినూనె ఇంచుమించు 24 డిగ్రీల సెంటీగ్రేడుకు దిగువన గడ్డకడుతుంది. చలికాలపు ఉదయాన సీసాలో పేరుకొన్న నూనెను చూడనివారెవరు? ఆ గడ్డకట్టే గుణమే వెన్నకు ఆధారం. గడ్డ మరీ బిరుసుగా ఉండకుండా పొద్దుతిరుగుడు నూనె, రుచికి పులిసిన జీడిపప్పు, నూనెనూ నీటినీ కలిపి ఉంచడానికి లెసిథిన్, ఆపైన ఉప్పు. జీడిపప్పు పేరెత్తితే గంజాం, గజపతి జిల్లాలవైపు పాఠకులకు పలాస గుర్తుకు రాక మానదు. ఆ పప్పు మన అంగళ్ళలో పాయసానికీ, పులావుకూ కొనేదిగానే మిగిలిపోయింది.

2019 డిసెంబరులో కాలిఫోర్నియా రాష్ట్ర ఆహార, వ్యవసాయ శాఖ నుండి ఆ సంస్థకు ఒక లేఖ వచ్చింది. పొట్లం మీద ‘వెన్న’ అనరాదు. ‘లాక్టోజ్ లేనిది’, ‘హార్మోనులు లేనిది’, ‘క్రూరత్వం లేనిది’ అనే మాటలు కూడా తొలగించాలి. ఇవి చాలవన్నట్లు ఒక స్త్రీ ఆవును కౌగిలించుకొన్న బొమ్మను సైతం సంస్థ వెబ్‌సైటు నుండి తీసివేయాలి. శాఖకు ఆధారం లేకపోలేదు. పాల నుండి లేదా మీగడ నుండి తీసినదై, నూటికి కనీసం 80 పాళ్ళు పాలకొవ్వు ఉన్నదే వెన్న అని 1923 నాటి అమెరికా చట్టం నిర్వచించింది.

2020 ఫిబ్రవరిలో సంస్థ వ్యాజ్యం వేసింది. పొట్లం మీద ‘వీగన్’ అనీ, ‘జీడిపప్పుతో చేసినది’ అనీ స్పష్టంగా అచ్చువేసినప్పుడు మోసపోయేవారెవరన్నది వారి ప్రశ్న. 2021 ఆగస్టులో న్యాయమూర్తి రిచర్డ్ సీబోర్గ్ ఈ వాదంలో అధికభాగాన్ని అంగీకరించారు. కొనేవారు నిజంగా భ్రమపడుతున్నారనడానికి శాఖ తగిన సాక్ష్యం చూపలేదనీ, రాజ్యాంగం కల్పించిన వాక్‌స్వాతంత్ర్యం ఇక్కడ వర్తిస్తుందనీ తీర్పు. ‘వెన్న’, ‘లాక్టోజ్ లేనిది’, ‘క్రూరత్వం లేనిది’ నిలిచాయి. ‘హార్మోనులు లేనిది’ మాత్రం కుదరదన్నారు. మొక్కలలోనూ సహజ హార్మోనులుంటాయి కదా!

అధికారుల పట్టుదల వెనుక పాత చరిత్ర ఉన్నది. 1886లోనే అమెరికా మార్గరీన్‌పై పన్ను వేసింది. వెన్న వలె కనబడకుండా దానికి గులాబీ రంగు వేయాలని కొన్ని రాష్ట్రాలు శాసించగా, 1898లో సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టివేసింది. మన దేశంలో 1930లలో డాల్డా వచ్చిన తరువాత వనస్పతిని నేతిలో కల్తీ చేయడం పెద్ద తగాదాయే అయింది. దానిని పట్టుకొనేందుకు వనస్పతిలో నూటికి ఐదు పాళ్ళు నువ్వులనూనె తప్పక కలపాలని నియమం చేశారు. నువ్వులనూనె ఉంటే ఒక రసాయన పరీక్షలో ఎర్రరంగు తేలుతుంది. అంటే మాట మీద కాపలా పెట్టడం వట్టి పెత్తనం కాదు; దాని వెనుక మోసపోయిన కొనుగోలుదారుడు, ధర పడిపోయిన పాడిరైతు ఉన్నారు. అయితే దొంగచాటుగా కలిపినదీ, పేరు రాసి అమ్మినదీ ఒక్కటి కావు. షిన్నర్ సంస్థ చేసినది రెండవది.

మన దేశంలో ఈ ప్రశ్న 2021లోనే తలెత్తింది. మొక్కల నుండి తీసిన పానీయాలపై ‘పాలు’ వంటి పాడిమాటలు వాడరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ స్పష్టం చేసి, అటువంటి సరుకును తొలగించవలసిందిగా ఆన్‌లైన్ అమ్మకాల సంస్థలను ఆదేశించింది. ఎప్పటినుండో వాడుకలో ఉన్న కొబ్బరిపాలు, వేరుశనగ వెన్న వంటి పేర్లకు మాత్రం మినహాయింపు దొరికింది. 2022లో వీగన్ ఆహారానికి ప్రత్యేక నియమావళి, గుర్తు కూడా వచ్చాయి.

భాష మాత్రం ఏ శాఖ ఆదేశం కోసమూ ఆగలేదు. మనకు మర్రిపాలున్నాయి, జిల్లేడుపాలున్నాయి. బళ్ళారివైపు ‘తెంగిన హాలు’ అన్నా, హోసూరువైపు ‘తేంగాయ్ పాల్’ అన్నా కొబ్బరిపాలే. జున్ను సంగతి మరీ విచిత్రం. చీజ్‌ను తెలుగులో జున్ను అని రాయడం పత్రికలవారి అలవాటు. ఈనిన గేదె తొలి పాలతో వండుకొనే అసలు జున్నుకూ (కన్నడిగుల గిణ్ణుకూ) దానికీ పోలిక లేదు. అయినా పొరబడి కొన్నవారు ఉన్నట్లు లేదు. పాలకేంద్రంలో లీటరుకు ధర తగ్గుతున్నదంటే దాణా ఖరీదు, కొవ్వుశాతం లెక్క, కేంద్రం నిర్వాహకుల తీరు ముందుగా చూడవలసినవి. పట్టణపు అంగడిలోని జీడిపప్పు వెన్న ఆ వరుసలో చాలా వెనుక ఉంటుంది.

మాటను గెలుచుకొన్న మనిషి తన పేరును నిలుపుకొనలేకపోయారు. వ్యాపారం పెరగాలంటే పెట్టుబడి కావాలి. తీర్పు వచ్చిన 2021 ఆగస్టులోనే సంస్థ 5.2 కోట్ల డాలర్లు సమకూర్చుకొన్నది. పెట్టుబడితో పాటు పాలకమండలిలో ఇతరుల మాటకు బలం వచ్చింది. 2022లో ఆమెను సంస్థ అధిపతి పదవి నుండి తొలగించారు. ఈ సంగతి 2023 ఫిబ్రవరిలో బయటపడింది. రహస్య సమాచారాన్ని తీసుకువెళ్ళారని సంస్థ ఆమెపై దావా వేసింది. ఆమె దానిని ఖండించి ఎదురుదావా వేశారు. అదే సంవత్సరం మే నెలలో ఇరువురూ రాజీపడ్డారు. ఊరి ఉమ్మడి వ్యాపారాలలో, సంఘాలలో వాటాదారులుగా చేరే మన మహిళలు ఈ భాగాన్ని రెండుసార్లు చదువుకొనుట మేలు. సరుకు మీద పేరు ఎవరిదైనా, చట్టం దృష్టిలో ఆ పేరు సంస్థ ఆస్తి. ఎవరి చేతిలో ఎక్కువ ఓట్లుంటే నిర్ణయం వారిదే.

కాలిఫోర్నియాలో నికాసియో అనే చోట 2015లో ఆమె నెలకొల్పిన పశుశరణాలయం వేరే సంస్థ. ఆవులు, మేకలు, పందులు ఆశ్రయం పొందే ఆ స్థలం ఈ తగాదాలో చిక్కుకోలేదు. ఆమె రాయడమూ మానలేదు. పాలులేని పాడివంటలపై కొత్త పుస్తకం 2025లో వచ్చింది. అదే సంవత్సరం, అప్పులు తీర్చలేని స్థితికి చేరిన పాత సంస్థ అమ్మకానికి వచ్చింది. దానిని తిరిగి కొనడానికి ఆమె అభిమానుల నుండి చందాలు కూడగట్టి ప్రయత్నించారు గాని దక్కలేదు. ‘మియోకో’ అనే పేరు, పొట్లాలతో సహా, వేరొక వెన్న తయారీదారుల పరమయింది.