వేళాకోళం పాటకి అసలు పతకం!

2012 మార్చి. కువైట్‌లో అంతర్జాతీయ షూటింగ్ పోటీలు. (సినిమా షూటింగ్ కాదండోయ్, తుపాకీలతో చేసేదే!) కజకిస్తాన్ క్రీడాకారిణి మరియా ద్మిత్రియెంకో బంగారు పతకం గెలిచింది. గుండెల మీద చెయ్యి వేసుకుని నిలబడింది. ఇక జాతీయగీతమే ఆలస్యం. పాట మొదలైంది. కానీ... అది ఆమె దేశం పాట కాదు!

పొటాషియం ఎగుమతుల్లో తమను మించిన మొనగాళ్లు లేరనీ, ఆపైన తమ దేశపు వేశ్యల గురించి కూడా గొప్పలు పోయే పాట అది. 2006లో వచ్చిన 'బోరాట్' అనే హాస్యచిత్రం కోసం కట్టిన పేరడీ! పాపం, మరియా పాట అయ్యేదాకా అలాగే నిలబడింది. నిర్వాహకులు ఇంటర్నెట్‌లో దొరికిన పాటని తెచ్చి వేసేశారని తర్వాత జట్టువాళ్లు చెప్పారు. క్షమాపణలు అయ్యాయి, పతకాల కార్యక్రమం మళ్లీ జరిగింది.

ఎవరీ బోరాట్?

బ్రిటిష్ హాస్యనటుడు సాషా బారన్ కోహెన్ టీవీలో సృష్టించిన పాత్ర. కజకిస్తాన్ విలేకరినని చెప్పుకుంటూ, ఇదంతా నాటకమని తెలియనివ్వకుండా అమెరికన్లను ఇంటర్వ్యూ చేస్తాడు. తన దేశం గురించి నోటికొచ్చిన కోతలన్నీ కోస్తాడు. అతను దంచే 'కజక్' భాష చాలావరకు హిబ్రూ! చిత్రంలో అతని స్వగ్రామంగా చూపించింది రొమేనియాలోని గ్లోడ్ అనే పల్లె. తీసేది డాక్యుమెంటరీ అనుకున్నామంటూ ఆ ఊరివాళ్లు తర్వాత లబోదిబోమన్నారు. ఇంతకీ కోహెన్ గురి కజకిస్తాన్ మీద కాదు. ఆ కోతలకి తలూపుతూ కూర్చున్న అమెరికన్ల మీద!

ప్రకటన మీద ప్రకటన

2005 నవంబరులో లిస్బన్‌లో జరిగిన ఎంటీవీ అవార్డుల సభకి కోహెన్ బోరాట్ వేషంలోనే వ్యాఖ్యాతగా వచ్చాడు. కజకిస్తాన్ విదేశాంగశాఖకి ఒళ్లు మండింది. కోర్టుకి లాగుతామంది. కజకిస్తాన్ పేరుతో నడుస్తున్న అతని ఇంటర్నెట్ సైటుని మూయించారు. బోరాట్ ఏమన్నాడో తెలుసా? ఆ కోహెన్ మీద దావా వెయ్యాలన్న మా ప్రభుత్వానికి నా పూర్తి మద్దతు అన్నాడు!

2006 సెప్టెంబరులో అధ్యక్షుడు నజర్‌బయేవ్ అమెరికా పర్యటనకి వచ్చినప్పుడు 'న్యూయార్క్ టైమ్స్'లో కజకిస్తాన్ గురించి నాలుగు పేజీల ప్రకటన వచ్చింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడుగా! బోరాట్ వాషింగ్టన్‌లో ఆ దేశ రాయబార కార్యాలయం ముందు విలేకరుల సమావేశం పెట్టేశాడు. మా దేశంలో ఆడవాళ్లకి సమానహక్కులున్నాయని చెప్పడం పచ్చి అబద్ధం, ఇదంతా పొరుగునున్న ఉజ్బెకిస్తాన్ కుట్ర అన్నాడు. బుష్‌ని సినిమాకి పిలవాలని అటునుంచి వైట్‌హౌస్‌కి వెళితే గేటు దగ్గరే ఆపేశారు. చూశారా తమాషా! దొంగ విలేకరి వచ్చి అసలు ప్రకటనని దొంగదన్నాడు. ఆ ప్రచారమంతా పైసా ఖర్చు లేకుండా సినిమాకే కలిసొచ్చింది. రెండు కోట్ల డాలర్లలోపు ఖర్చుతో తీసిన చిత్రం ప్రపంచవ్యాప్తంగా 26 కోట్ల డాలర్లదాకా వసూలు చేసింది.

తెలిసినవాడికి జోకు, తెలియనివాడికి పాఠం

మన తోలుబొమ్మలాటలో కేతిగాడి మాటల మీద ఎవరూ దావా వెయ్యరు. వాడు కేతిగాడని ఊరందరికీ తెలుసు. బోరాట్ చిత్రానికి వచ్చిన ప్రేక్షకుల్లో చాలామందికి కజకిస్తాన్ ఎక్కడుందో కూడా తెలీదు. అది వైశాల్యంలో ప్రపంచంలోనే తొమ్మిదో పెద్ద దేశం. 1961లో గగారిన్ అంతరిక్షానికి బయల్దేరిన బైకనూర్ ఉన్నది అక్కడే. ఈ సంగతులు తెలిసినవాడు బోరాట్‌ని చూసి నవ్వుకుంటాడు. ఏమీ తెలియనివాడికి అదే భూగోళ పాఠం అయి కూర్చుంటుంది! కువైట్‌లో జరిగింది అదే. ఆ దేశం 1956 నాటి ఒక దేశభక్తి గీతాన్ని కొద్ది మార్పులతో జాతీయగీతంగా చేసుకున్నది 2006 జనవరిలో. పేరడీ వచ్చిందీ ఆ ఏడాదే. ఏది అసలో ఏది నకలో ఒక్కరు విని చూసుకున్నా సరిపోయేది.

తర్వాత కజకిస్తాన్ కూడా తెలివి మీరింది. చిత్రం పుణ్యమా అని వీసాలు పదింతలు పెరిగాయని 2012 ఏప్రిల్‌లో విదేశాంగమంత్రే ధన్యవాదాలు చెప్పాడు. 2020లో రెండో బోరాట్ చిత్రం వచ్చేసరికి, అతని ఊతపదం 'వెరీ నైస్'నే పర్యాటకశాఖ తన ప్రకటనల్లో నినాదంగా పెట్టుకుంది. ఒకనాటి వెక్కిరింత ఇప్పుడు స్వాగత తోరణం!

దేశం నవ్వేసి ఊరుకుంది, సరే. మరి మరియా సంగతి? అసలు పాట రెండోసారి వేశారు, నిజమే. కానీ గెలిచిన ఆ మొదటి నిమిషాన్ని ఎవరు తిరిగి తెచ్చిస్తారు?