కీ ఇచ్చే వాచీలు

పాత స్విస్ వాచీలు పోగుచేసేవాడంటే లక్షాధికారి అయివుంటాడని చాలామంది అనుకుంటూవుంటారు. నా బీరువా సొరుగు చూస్తే ఆ అపోహ పోతుంది. అందులో వున్నవి పదకొండే. అన్నీ రోజూ కీ ఇచ్చేవే. పలచగా, గుండ్రంగా, తోలుపట్టీతో పెళ్ళిళ్ళకూ సభలకూ పెట్టుకునే రకం.

ఈ రకానికి ఒరవడి దిద్దింది పటేక్ ఫిలిప్ కంపెనీవారు 1932లో తెచ్చిన 'కలాట్రావా 96'. దాని అడ్డుకొలత సుమారు 31 మిల్లీమీటర్లు. అంటే వెనకటి వెండి రూపాయంత! ఇప్పటి వాచీలు 40 దాటుతున్నాయి కాబట్టి నా చేతికున్నది చూసి, "ఆడవాళ్ళ వాచీ పెట్టుకున్నారేమండీ?" అని పిల్లలు అడుగుతారు. పటేక్ ఫిలిప్ నేను బొమ్మల్లో చూసి సంతోషించవలసిందే. నాకు అందినవి ఒమేగా, ఫావ్రే-లూబా వంటివి. ఫావ్రే-లూబా పేరు మనదేశంలో ఒకప్పుడు ఇంటింటా తెలుసు. అల్లుడికి పెట్టే వాచీ స్విస్ వాచీయే కావాలని పట్టుబట్టిన వియ్యాలవారు ఎందరో!

వెనక మూత తీసి ఒకసారి చూడండి. చుట్టిన స్ప్రింగు విప్పుకుంటూ చక్రాలను తోస్తూవుంటుంది. దాని తొందరను బాలెన్సు చక్రం అదుపులో పెడుతుంది. ఆ కాలపు వాచీల్లో అది చాలావరకు గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు ఐదుసార్లు కొట్టుకుంటుంది. '17 జువెల్స్' అని డయలు మీద వేసేది ఇరుసులు అరిగిపోకుండా అమర్చిన కృత్రిమపు కెంపుల లెక్క. వాటిని అమ్ముకుని మేడ కట్టినవాడు లేడు.

1969 డిసెంబరులో జపానువారు బాటరీతో నడిచే క్వార్ట్‌జ్ చేతిగడియారం అమ్మకానికి పెట్టారు. 1970లో స్విట్జర్లండులో వాచీల పనివారు సుమారు 90,000 మంది. 1980ల నడిమికి 30,000 చిల్లర మిగిలారు. కాలం చెప్పడంలో బాటరీ వాచీదే పైచెయ్యి, కాదనను. కాని యాభై ఏళ్ళ తర్వాత విప్పి, కడిగి, నూనె వేసి మళ్ళీ నడిపించడానికి కీ వాచీయే సుఖం.

కొనేవారు భయపడవలసింది యంత్రానికి కాదు, డయలుకు. పాతబడిన డయళ్ళకు కొత్త రంగు పూసి తళతళలాడిస్తారు. ఆరు అంకె కింద సన్నగా వుండవలసిన 'స్విస్ మేడ్' మాయమైనా, నిమిషాల గీతలు అంకెలకు ఎదురుగా నిలవకపోయినా, అక్షరాలు ముద్దగా వున్నా అనుమానించండి. బాగా మెరిసేదాన్ని నేను ముట్టను.

కిందటేడు మా వీధి కుర్రవాడొకడు తన తాతగారి వాచీ తెచ్చాడు. డయలు పసుపెక్కి, ఒక పక్క చెమ్మ మచ్చ పడింది. పెళ్ళికి పెట్టుకోవాలి, రంగు వేయించాలి అన్నాడు. ఇద్దరం ముసలి రిపేరరు దగ్గరకు వెళ్ళాం. ఆయన కంటికి భూతద్దం తగిలించి మూత తిప్పాడు. మూత లోపలివైపు సూదిమొనతో గీసిన అక్షరాలు, తేదీలు మూడు వున్నాయి. సర్వీసు చేసినవారు పెట్టుకునే గుర్తులవి. 1971 నాటి గీత దగ్గర ఆయన వేలు ఆగింది.

"ఇది మా గురువుగారి చెయ్యి బాబూ," అన్నాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రంగు వేయించుకుంటానంటే వేయించుకో. కాని మీ తాతగారు టైము చూసుకున్నది ఈ డయలు మీదే," అన్నాడు.

కుర్రవాడు నావైపు చూశాడు. నేను నోరు మెదపలేదు, వాచీ అతనిది. చివరకు, "కడిగి నూనె వెయ్యండి, చాలు," అన్నాడు.

వారానికి వాచీ వచ్చింది. రోజుకు అర నిమిషం ముందు నడుస్తోంది. మూత లోపల నాలుగో తేదీ చేరింది. ఆ దుకాణంలో పని నేర్చుకుంటున్న కుర్రాళ్ళెవరూ నాకు కనిపించలేదు.