పిల్లాడికి మొదటి తుపాకీ: .22 రివాల్వర్ కొనొచ్చా?

ఈసారి ప్రశ్న అమలాపురం వైపు ఒక నాన్నగారిది. "మా వాడికి పదకొండేళ్లు. జగ్గన్నతోట తీర్థంలో బుడగలు కాల్చే స్టాల్ దగ్గర ఒక్కటీ మిస్ అవ్వలేదు. చిన్న కాలిబర్ రివాల్వర్, అదే .22 కొని గురి నేర్పిద్దామనుకుంటున్నా. ఏది మంచిది?"

ఏదీ వద్దండి. ఎందుకో చెప్తా.

ముందు చట్టం. .22 అయినా లైసెన్స్ కావాల్సిందే. 1959 ఆయుధాల చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండకుండా తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. నాన్న పేరు మీద లైసెన్స్ ఉంది కదా అని కొబ్బరితోటలో పిల్లాడి చేతికిస్తే, ఇబ్బందుల్లో పడేది నాన్నే. క్రీడా శిక్షణకి వేరే నిబంధనలున్నాయి గానీ, అవి కోచ్ పర్యవేక్షణలో నేర్చుకునేవాళ్ల కోసం, మన తోట కోసం కాదు.

సరే, చట్టం పక్కన పెట్టి లెక్క చూద్దాం (ఇంజనీరింగ్ చదివాక ఈ జబ్బు పోదు). పొట్టి రివాల్వర్‌లో ముందు సైట్‌కి, వెనక సైట్‌కి మధ్య 10 సెంటీమీటర్లు ఉందనుకోండి. అక్కడ 1 మిల్లీమీటరు తేడా వస్తే, 10 మీటర్ల దూరంలో గురి 10 సెంటీమీటర్లు తప్పుతుంది. అదే సైట్ల మధ్య 30 సెంటీమీటర్లుంటే తప్పు మూడు సెంటీమీటర్ల చిల్లరే. పోటీల్లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్ మీద పది పాయింట్ల వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లు మాత్రమే.

ఇక ట్రిగ్గర్. మామూలు రివాల్వర్‌లో ఒక్క నొక్కుతోనే సుత్తి వెనక్కెళ్లాలి, గుళ్ల చక్రం తిరగాలి. దానికి నాలుగైదు కిలోల బలం పడుతుంది. పోటీ ఎయిర్ పిస్టల్‌కి నిబంధన కనీసం 500 గ్రాములు, అంతే. పైగా ఢామ్మని పేలితే పిల్లాడు పేలకముందే కళ్లు మూసి, చెయ్యి అదరగొట్టడం అలవాటు చేసుకుంటాడు. ఆ అలవాటు పడితే వదిలించడం చాలా కష్టం.

మన తెలుగు అమ్మాయి ఈషా సింగ్‌ని చూడండి. హైదరాబాద్ గచ్చిబౌలి రేంజ్‌లో చిన్నప్పుడే మొదలుపెట్టింది. 2018లో 13 ఏళ్లకే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో సీనియర్ జాతీయ విజేత. .22 పిస్టల్‌తో ఆడే 25 మీటర్ల విభాగంలో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల పతకాలు 2023లో వచ్చాయి. గాలి తుపాకీతో గురి కుదిరాకే మందుగుండు.

మరి పదకొండేళ్లవాడికి? పోటీ ఎయిర్ పిస్టల్ దాదాపు కిలో ఉంటుంది, ఒంటి చేత్తో చాచి పట్టాలి. కాబట్టి మొదట ఆసరా మీద ఆనించిన 4.5 ఎంఎం ఎయిర్ రైఫిల్, అదీ క్లబ్‌లోదే. కొనకండి. ఆర్నెల్లలో వాడికి మోజు తీరిపోవచ్చు. రేంజ్ ఎక్కడుందో రాష్ట్ర రైఫిల్ అసోసియేషన్‌ని అడగండి. ఇంకాస్త పెద్దయ్యాక స్కూల్లో ఎన్‌సీసీ ఉంటే, .22 రైఫిల్ కాల్పులు అక్కడే, పద్ధతిగా నేర్పుతారు.

ఇంట్లో ఎయిర్ గన్ ఇప్పటికే ఉంటే మాత్రం వినండి. చిన్న పెల్లెట్ కన్ను తీసేస్తుంది. అద్దాలు లేకుండా వద్దు. గోడకేసి కాల్చొద్దు, తిరిగొస్తుంది. తుపాకీ ఖాళీ అనుకున్నా మనిషి వైపు తిప్పొద్దు, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టొద్దు. చేలో కొంగల మీద గురి చూడటం ఆట కాదు, 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. పని అయ్యాక తుపాకీ ఒక బీరువాలో, పెల్లెట్ల డబ్బా ఇంకో చోట. తాళాలు రెండూ మీ దగ్గరే.